అక్షర యాత్ర – 17: లావు గీత, సన్న గీత

పోయిన సంచికలో తాటాకు దగ్గర ఆగాం. గంటం మొన ఆకు మీద ఎటు కదిలినా గాటు ఒకే మందంలో పడుతుందనీ, మసి పూసి తుడిచాకే అక్షరం కంటికి ఆనుతుందనీ, అందువల్ల తాటాకు రాతలో లావు గీతకూ సన్న గీతకూ తేడా దాదాపు ఉండదనీ చెప్పుకున్నాం. మరి పత్రికల ముఖపత్రాల మీద, నగల దుకాణాల బోర్డుల మీద, ఖరీదైన శుభలేఖల మీద కనిపించే ఆ సొగసు అక్షరం ఎక్కడిది? ఒక గీత నిండుగా, నల్లగా ఉంటుంది. దాన్ని ఆనుకునే ఇంకో గీత వెంట్రుకంత సన్నగా సాగుతుంది. ఆ రెండింటి మధ్య తేడాలోనే దాని దర్జా అంతా ఉంది.

ఈ అక్షరం పుట్టింది యూరప్‌లో. మన అక్షరాల్లోకి అది వచ్చిన తీరు, ఇక్కడ దానికి ఎదురైన చిక్కులు తెలుసుకోవడానికి ఈసారి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు వెళదాం. ఒకే భాష రెండు లిపుల మధ్య బతుకుతున్న చోటు అది. అక్షరం ఆకారం గురించి అక్కడ తెలిసినంత స్పష్టంగా ఇంకోచోట తెలియదు.

రెండు లిపుల నేల

ఈ మూడు ఊళ్ళూ ఒకప్పుడు కోలారు జిల్లాలోనివి. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే రహదారి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగు పెడుతుంది. బాగేపల్లి సంతలో, చింతామణి మార్కెట్టులో బేరాలు తెలుగులో సాగుతాయి. బడిలో పిల్లలు దిద్దేది కన్నడ అక్షరాలు. ఇంట్లో మాట ఒకటి, పలక మీద రాత ఇంకొకటి.

చింతామణి తాలూకాలోని కైవారం దీనికి మంచి ఉదాహరణ. 1726లో పుట్టారని సంప్రదాయం చెప్పే యోగి నారేయణ, అంటే జనం నోట కైవారం తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టారు. కాలజ్ఞానం చెప్పారు. ఆయన తెలుగు కీర్తనలను ఆ చుట్టుపక్కల ఎందరో కన్నడ లిపిలో చదువుకుని పాడుకుంటారు. పాట తెలుగు, అక్షరం కన్నడం. పాడేవాళ్ళకు అందులో ఇబ్బందేమీ కనబడదు.

కనబడకపోవడానికి చారిత్రక కారణం ఉంది. సుమారు 13వ శతాబ్దం దాకా తెలుగుకూ కన్నడానికీ ఇంచుమించు ఒకటే లిపి. చరిత్రకారులు దాన్ని తెలుగు-కన్నడ లిపి అంటారు. విజయనగర కాలానికి తేడాలు తేటపడ్డాయి. ప్రధానమైన తేడా తలకట్టు. తెలుగులో అది పైకి లేచే చిన్న టిక్కు, కన్నడంలో పడుకున్న అడ్డ గీత. ఇంత విడిపోయినా పాత బంధుత్వం చెరిగిపోలేదు. తెలుగులో ఖ, జ, ట, ణ, బ, ల అక్షరాలకు తలకట్టు ఉండదు. కన్నడంలోనూ ఆ అక్షరాలకు ఉండదు.

రాతి మీద నీడ

చిక్కబళ్ళాపురానికి దగ్గర్లో నందికొండ పాదంలో భోగనందీశ్వరాలయం ఉంది. కర్ణాటకలోని అతి పాత గుళ్ళలో అదొకటి. దాని ప్రస్తావన నొలంబ రాజు నొలంబాధిరాజు, రాష్ట్రకూట చక్రవర్తి మూడవ గోవిందుల కాలంనాటి 806 సంవత్సరపు శాసనంలో దొరుకుతుంది. ఆ వెంటనే, 810 ప్రాంతంలో, బాణ రాజులు జయతేజ, దత్తియల రాగిరేకులు వస్తాయి. ఈ సీమ అంతటా పొలాల గట్ల మీద, గుడి ప్రాకారాల పక్కన వీరగల్లులు నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక అక్షర పాఠం.

రాతి శాసనాన్ని దగ్గరికి వెళ్ళి చూడండి. ఉలి చెక్కిన గాడికి కూడా తాటాకు గాటులాగే ఇంచుమించు ఒకే వెడల్పు. అయినా పొద్దున ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అదే అక్షరంలో ఒక వంపు నల్లగా నిండుతుంది, ఇంకో వంపు తేలిపోతుంది. గాడి ఒక గోడ మీద నీడ, ఇంకో గోడ మీద వెలుగు. పొద్దు తిరిగితే లావు ఉన్న చోట సన్నం, సన్నం ఉన్న చోట లావు. అంటే లావుసన్నాల అందం మన కంటికి కొత్తగా వచ్చింది కాదు. శాసనాలు చెక్కిన రూవారుల నాటి నుంచీ అది ఎండలో కనబడుతూనే ఉంది. సిరాలో దాన్ని శాశ్వతంగా నిలిపే పని మాత్రం వేరేచోట, వేరే పనిముట్లతో జరిగింది.

పక్షి ఈక నుంచి ఉక్కు పంచ్ దాకా

యూరప్‌లో శతాబ్దాల పాటు రాసింది వెడల్పుగా కోసిన ఈక కలంతో. అడ్డంగా లాగితే ఒక మందం, నిలువుగా లాగితే ఇంకో మందం. తొలి అచ్చక్షరాలు ఆ రాతనే అనుకరించాయి. తేడా ఉంది కానీ మితంగా ఉంది. 18వ శతాబ్దానికి రాత మారింది. మొన సన్నగా ఉండి, నొక్కితే విచ్చుకునే కలం వచ్చింది. కిందికి లాగుతూ నొక్కితే లావు, పైకి తేలికగా తీస్తే వెంట్రుక. ఆ రాతను రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన లేఖన పాఠాల పుస్తకాలు ఇంగ్లండులో విరివిగా అమ్ముడుపోయాయి. జార్జి బికమ్ పేరుతో 1733 నుంచి 1741 దాకా భాగాలుగా వచ్చిన సంకలనం వాటిలో పేరుమోసింది. రాగి మీద ఎంత సన్న గీతనైనా చెక్కొచ్చు. అదే సన్నదనం సీసపు అక్షరంలో ఎందుకు రాకూడదని పోతపని వాళ్ళు అనుకున్నారు.

బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ ముందు అడుగు వేశాడు. రాత నేర్పే పంతులుగా, సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కే పనివాడుగా మొదలైన మనిషి ఆయన. 1757లో ఆయన అచ్చువేసిన వర్జిల్ కావ్య సంపుటిలో అక్షరం అంతకుముందు లేనంత పదునుగా నిలిచింది. దాని కోసం అక్షరం గీస్తే చాలదని ఆయనకు తెలుసు. సిరా నల్లదనం పెంచాడు. నునుపైన కాగితం తెప్పించాడు. అచ్చయిన కాగితాన్ని వేడి రేకుల మధ్య నొక్కాడు. గరుకు కాగితం మీద వెంట్రుక గీత ముక్కలై పడుతుంది. అందుకే ఈ అక్షరం చరిత్రలో కాగితం, సిరా, యంత్రం ఒకదాని వెంట ఒకటి మారుతూ వచ్చాయి.

ఆ తరవాత పారిస్‌లో ఫర్మాఁ దిదో 1784లో తెచ్చిన అక్షరం, పార్మా నగరంలో జాంబతిస్తా బోదోనీ చెక్కిన అక్షరాలు ఈ పద్ధతిని చివరంటా తీసుకెళ్ళాయి. నిలువు కాండం బాగా లావు, అడ్డ గీత అతి సన్నం. అక్షరం కొసలకు వచ్చే చిన్న అడ్డ గీతను సెరిఫ్ అంటారు. అది కూడా వంపు లేకుండా వెంట్రుకలా తిన్నగా ఉంటుంది. బోదోనీ 1813లో చనిపోయాడు. ఆయన జీవితకాలపు కృషిని చూపించే రెండు సంపుటాల అక్షర గ్రంథాన్ని 1818లో ఆయన భార్య ప్రచురించింది. 19వ శతాబ్దమంతా ఇంగ్లిషు పుస్తకాలను ఏలింది ఈ ధోరణి అక్షరమే. లండన్‌లో గోడ ప్రకటనల కోసం అదే అక్షరాన్ని విపరీతంగా లావు చేశారు. 1955లో వోగ్ పత్రిక తన పేరును దిదో అక్షరంలోకి మార్చింది. అప్పటి నుంచి సోకుకూ, నగలకూ, అత్తరుకూ ఆ అక్షరం గుర్తుగా నిలబడిపోయింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. లాటిన్ అక్షరాల్లో నిలువు కాండాలు ఎక్కువ. బరువును వాటి మీద పెట్టి అడ్డ గీతలను సన్నం చేస్తే అక్షరం స్తంభాల మండపంలా నిలబడుతుంది. మన అక్షరాల్లో అలాంటి నిలువు కాండాలు అరుదు. ఉన్నవన్నీ వంపులు. ఆ పద్ధతి ఇక్కడికి వచ్చేసరికి బరువు ఎక్కడ పెట్టాలన్నది మొదటి ప్రశ్న అయింది.

మన అక్షరం సీసంలోకి

తెలుగు అక్షరం మొదట అచ్చయింది జర్మనీలోని హాలేలో. మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో అక్కడ చిన్న తెలుగు పుస్తకాలు వేయించాడు. దేశంలో పెద్ద ఎత్తున పని సాగింది బెంగాల్‌లోని శ్రీరామపూర్‌లో. పంచానన్ కర్మాకార్, ఆయన అల్లుడు మనోహర్ ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కేవారు. అదే పంచ్. దాన్ని మెత్తని లోహంలోకి కొడితే మాత్రిక తయారవుతుంది. మాత్రికలో కరిగిన సీసం పోస్తే అచ్చక్షరం. 1812 మార్చి 11న ఆ ముద్రణాలయం తగలబడింది. ఎన్నో భారతీయ భాషల సీసపు అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. ఉక్కు పంచ్‌లు మాత్రం బూడిదలో చెక్కుచెదరకుండా దొరికాయి. వాటితోనే మళ్ళీ పోత పోశారు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, కన్నడ వ్యాకరణం 1817లో వెలువడ్డాయి.

రెండు వ్యాకరణాలు, రెండు పోతలు. చేతిరాతలో ఒకదానిలోంచి ఇంకోదానిలోకి జారిపోయే రెండు లిపులను సీసం విడివిడి గళ్ళలో పెట్టింది. బళ్ళారిలో, బెంగళూరులో, మంగళూరులో కన్నడం. మద్రాసులో తెలుగు. ఒక్కో కేంద్రానికి ఒక్కో అలవాటు. సరిహద్దు ఊళ్ళలో కలగలిసి పారుతూ వచ్చిన రాతకు మధ్య ఆ తరవాతే గట్టి గోడ లేచింది.

మంగళూరు కథలో మన అంశానికి దగ్గరి ఘట్టం ఉంది. హెర్మన్ మోగ్లింగ్ 1843 జూలై 1న మొదలుపెట్టిన ‘మంగళూర సమాచార’ మొదటి కన్నడ పత్రిక. అది బాసెల్ మిషన్ ముద్రణాలయంలో రాతిముద్రణగా వెలువడింది. లేఖకుడు చేత్తో రాసిన అక్షరం నున్నటి రాయి మీదికి ఎక్కి, అక్కణ్ణుంచి కాగితం మీదికి దిగుతుంది. కలం నొక్కిన చోట లావు, వదిలిన చోట సన్నం, ఉన్నది ఉన్నట్టు. పోత అక్షరం పోగొట్టే చేతివాటాన్ని రాతిముద్రణ నిలుపుకుంది. ఆ తరవాత అదే బాసెల్ మిషన్ ముద్రణాలయం సీసపు అక్షరాలకు మారి, ఫెర్డినాండ్ కిట్టెల్ కన్నడ-ఇంగ్లిషు నిఘంటువును 1894లో 1,700 పేజీలకు పైగా అచ్చువేసింది. ఒకే పంక్తిలో ముందు కన్నడ పదం, పక్కనే ఇంగ్లిషు అర్థం. ఒకటి నల్లగా ముద్దకట్టి, ఇంకోటి పల్చగా వెలిసిపోతే పుటే చెడుతుంది. రెండు లిపుల నలుపు సమతూకంలో ఉండాలన్న పట్టింపు మన అచ్చుపనిలో బలపడింది ఇలాంటి గ్రంథాల వల్లే.

ఆ ముద్రణాలయం నుంచే 1905లో చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి శాసనాలు వెలువడ్డాయి. బెంగళూరులో 1837లో పుట్టిన బి. లూయిస్ రైస్ మైసూరు రాజ్యంలోని శాసనాలన్నీ పోగుచేసి ఎపిగ్రాఫియా కర్నాటికా పేరుతో 12 సంపుటాలు తెచ్చాడు. అందులో 10వ సంపుటం కోలారు జిల్లాది. తాలూకాల వారీగా పది విభాగాలు. ఈ మూడు ఊళ్ళకూ తలొక విభాగం. పొలం గట్టు మీద ఎండను బట్టి మారిన అక్షరం ఆ పుటల్లో నల్ల సిరాలో స్థిరపడింది. శాసనం చెక్కిన ఉలివాటం మాత్రం పుటలోకి రాలేదు. నూరేళ్ళకు పైగా పరిశోధకులకు అన్నం పెట్టిన గ్రంథమది. కంటికి అన్నం పెట్టాలంటే మాత్రం ఇంకా రాయి దగ్గరికే పోవాలి.

మూడు ఊరిపేర్లు, ఒక బోర్డు

ఇప్పుడు దగ్గరగా చూద్దాం. ఒక బోర్డు మీద మూడు పేర్లు పెద్ద అక్షరాల్లో రాయాలి, లావుసన్నాల తేడా బాగా పలకాలి అనుకోండి.

చిక్కబళ్ళాపురం. ఇందులో రెండు వత్తులు, క్క, ళ్ళ. వత్తు అసలు అక్షరం కంటే చిన్నది. అసలు అక్షరాన్నే అరవై శాతానికి కుదించి కింద తగిలిస్తే అందులోని సన్న గీత కూడా అరవై శాతానికి పడిపోతుంది. లెక్క వేసి చూడండి. అక్షరం 72 పాయింట్ల పరిమాణంలో ఉండి, సన్న గీత అందులో నూరో వంతు అయితే, దాని మందం మిల్లీమీటరులో పావు వంతు. పెద్ద అక్షరంలో అది అందం. వత్తులోకి వచ్చేసరికి 0.15 మిల్లీమీటర్లు. అదే అక్షరాన్ని 9 పాయింట్లకు తగ్గించి వ్యాసం కింద పేరా కూర్చితే సన్న గీత 0.03 మిల్లీమీటర్లు. సిరా దాన్ని మింగేస్తుంది, లేదా అసలు పడనే పడదు. కాబట్టి వత్తును కుదించకూడదు, విడిగా గీయాలి. దాని సన్న గీత అసలు అక్షరపు సన్న గీతతో సమానంగా కనబడాలి. శీర్షికకు గీసిన అక్షరాన్ని పాఠానికీ, పాఠానికి గీసినదాన్ని శీర్షికకూ వాడకూడదన్న నియమం అన్ని లిపులకూ ఉంది. వత్తులున్న లిపికి ఆ నియమం ఒక్క అక్షరం లోపలే అవసరపడుతుంది.

బాగేపల్లి. ఇందులో ‘గే’ చూడండి. తెలుగులో ఏత్వం అక్షరం నెత్తిన కూర్చుంటుంది. కన్నడంలో ఎత్వం నెత్తిన, దాని దీర్ఘం విడిగా అక్షరం కుడి పక్కన. ఒకే పేరు తెలుగులో ఎత్తు పెరుగుతుంది, కన్నడంలో పొడవు పెరుగుతుంది. రెండు లిపుల్లో పేరు రాసే బోర్డు మీద రెండు పంక్తులూ ఒకే కొలతకు ఒదగాలంటే చిత్రకారుడు ముందే ఖాళీ లెక్క చూసుకోవాలి. పైగా కన్నడంలోని ఆ విడి గుర్తు సన్నగా గీస్తే పక్క అక్షరం లావు ముందు మాయమైపోతుంది, లావుగా గీస్తే ఇంకో అక్షరంలా పొరపాటు పడతాం.

చింతామణి. ఇందులో వత్తులు లేవు. చిక్కంతా సున్నతో, ణ తో. బోదోనీ గీసిన ‘ఓ’ (O) అక్షరంలో రెండు పక్కలూ లావు, పైన కింద వెంట్రుక. మన సున్నకు అదే పద్ధతి పెడితే అది ఇంగ్లిషు ఓ అయి కూర్చుంటుంది, తెలుగు పేరు మధ్యలో పరాయి అక్షరంలా కనబడుతుంది. పాత కన్నడ పుస్తకాల అచ్చక్షరాన్ని భూతద్దం కింద చూస్తే బరువు ఎక్కువగా అడ్డంగా సాగేచోట దొరుకుతుంది. తలకట్టులో, గిన్నెలాంటి వంపుల అడుగున లావు. పక్కల సన్నం. బిందెకు బరువు అడుగున ఉన్నట్టు మన అక్షరానికి బరువు కింద ఉంటుంది, అందుకే నిలువు స్తంభం లేకపోయినా పంక్తి మీద నిలకడగా కూర్చుంటుంది. ఇక ణ. వెడల్పాటి అక్షరం, పక్కపక్కనే వంపులు. అన్ని వంపుల పక్కలూ లావు చేస్తే లోపలి తెలుపు మూసుకుపోతుంది. అడుగులు లావు చేసి పక్కలు సన్నం చేస్తే లోపల గాలి ఆడుతుంది.

ఈ మూడు పేర్లనూ అందంగా రాయగలిగిన అక్షరశైలి తెలుగులో, కన్నడంలో ఏ మాటనైనా అందంగా రాయగలదు. వత్తు, పైకి పోయే గుర్తు, పక్కకు పోయే గుర్తు, సున్న, ఇరుకు వంపులు అన్నీ వీటిలో ఉన్నాయి.

ట్రెడిల్ నుంచి ఫ్లెక్సీ దాకా

చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టి, చిక్కబళ్ళాపురంలో తొలి చదువు చదివిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. మైసూరు దివానుగా ఉన్నప్పుడు, 1915 మేలో, కన్నడ సాహిత్య పరిషత్తు పుట్టుకకు ఆయన వెన్నుదన్నుగా నిలిచారు. తెలుగు మూలాలున్న మనిషి కన్నడ పుస్తకానికి ఇల్లు కట్టించడం ఈ సీమ గుణాన్ని చక్కగా చెబుతుంది. పరిషత్తు, విశ్వవిద్యాలయం, ప్రభుత్వ ముద్రణాలయం వల్ల కన్నడ పుస్తకం పెరిగింది. పెరిగింది పాఠం అక్షరమే. శీర్షికకు, బోర్డుకు, శుభలేఖకు పనికొచ్చే సొగసు అక్షరం మాత్రం పోత సీసంలో పెద్దగా రాలేదు.

కారణం పనిలోనే ఉంది. చిన్న పట్టణాల్లో అచ్చంటే ట్రెడిల్ మెషిన్. కంపోజిటర్ కేసులోంచి అక్షరాలు ఏరి, పేర్చి, ముడి బిగించి, ప్రూఫు తీస్తాడు. అచ్చయ్యాక అవే అక్షరాలు మళ్ళీ గళ్ళలోకి వెళ్ళి రేపటి శుభలేఖకు పనికి రావాలి. వెంట్రుక గీత ఉన్న సీసపు అక్షరం రెండు మూడు పెళ్ళిళ్ళకే విరుగుతుంది. లాటిన్‌లో పెద్ద, చిన్న అక్షరాలు, అంకెలు కలిపి వందలోపే. మనకు గుణింతాలు, వత్తులు కలిపి వందలు. ఒక్క పరిమాణానికే అంత పోత కావాలి. ఇక శీర్షికల కోసం ఇంకో శైలి కొనే స్తోమత చిన్న ప్రెస్సుకు ఎక్కడిది? అందుకే సీసం ఒకే మందం గీతను నమ్ముకుంది. సొగసు పని కుంచెకు దక్కింది. సినిమా గోడపత్రికలు, దుకాణాల బోర్డులు, పత్రికల శీర్షికలు చేతిరాతతో నడిచాయి. తెలుగులో బాపు రాసిన శీర్షికలు తరతరాల పాఠకుల కళ్ళకు తెలుసు. గీత ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో ఆ చేతికి తెలుసు. ఆ చేతిరాతే తరవాత ఫాంటుగానూ వచ్చింది.

తరవాత డీటీపీ వచ్చింది. తెలుగు వైపు అను ఫాంట్లు, కన్నడం వైపు నుడి, 1998లో వచ్చిన బరహ ఊరూరా చేరాయి. సీసం విరుగుతుందన్న భయం పోయింది. వందల అక్షరాలు గీసినా మోయాల్సిన బరువేమీ లేదు. ఫాంట్ల జాబితా పెరిగినంతగా గీత మీద శ్రద్ధ మాత్రం పెరగలేదు. పాఠానికి గీసిన అక్షరాన్నే ఇరవై అడుగుల ఫ్లెక్సీకి సాగదీశారు. నిలువుగా సాగదీస్తే వంపుల పక్కలు ఒక మందం, అడుగులు ఇంకో మందం అయిపోయి అక్షరం బరువు చోటు తప్పుతుంది. చిన్న పరిమాణంలో కనబడని ఆ పొరపాటు ఫ్లెక్సీ మీద ఊరంతటికీ కనబడుతుంది. కుంచె పట్టిన చేతులు ఆ పొరపాటు చేసేవి కావు. ఆ చేతులకు పని తగ్గడం మనకు నిజమైన నష్టం.

బరువును దాని చోట పెట్టడం

గడిచిన పదేళ్ళు పదిహేనేళ్ళలో మంచి ప్రయత్నాలు జరిగాయి. సిలికానాంధ్ర పూనికతో పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన తెలుగు ఫాంట్లు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. వాటిలో ‘రామరాజ’ శీర్షికలకు, గోడపత్రికలకు ఉద్దేశించిన నిండైన అక్షరం. దానికి జోడీగా పెట్టిన లాటిన్ అక్షరం ‘విడలోకా’. దిదో, బోదోనీల ధోరణిలోది. పారిస్‌లో, పార్మాలో మొదలైన గీత మన గుణింతాల పక్కన కూర్చున్న సందర్భం అది.

ఇంకో దారి పుస్తకాలది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీని మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే అల్లసాని పెద్దన మనుచరిత్ర ఉంది. ఎడమ పుటలో తెలుగు, కుడి పుటలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఇంగ్లిషు. ఆ గ్రంథమాల కోసం జాన్ హడ్సన్, ఫియోనా రాస్ మొదలైనవారు గీసిన అక్షరాలు ఇప్పుడు ‘టిరో తెలుగు’, ‘టిరో కన్నడ’ పేర్లతో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కిట్టెల్ నిఘంటువు పుటకు ఎదురైన సమస్యే వీటికీ ఎదురైంది. రెండు లిపులు ఎదురెదురుగా కూర్చుని ఒకే నలుపుతో కనబడాలి. ఒకే బృందం రెండు లిపులనూ గీయడం వల్ల తెలుగు, కన్నడం మళ్ళీ అక్కచెల్లెళ్ళలా పక్కన చేరాయి. యూనికోడ్ పట్టికలోనూ ఈ రెండు లిపులది ఇరుగుపొరుగు. తెలుగు గడులు ముగిసిన చోటే కన్నడం గడులు మొదలవుతాయి.

మిగిలిన పని పెద్ద అక్షరానిది. 2024లో సవరించిన కర్ణాటక చట్టం ప్రకారం దుకాణాల బోర్డుల మీద 60 శాతం కన్నడం ఉండాలి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి బజారు వీధుల్లో కన్నడం పెద్దగా, ఇంగ్లిషు దాని పక్కన, అక్కడక్కడ తెలుగూ కనబడతాయి. నగల దుకాణం ఇంగ్లిషు పేరు దిదో అక్షరంలో మెరుస్తూ ఉంటే, పక్కనున్న కన్నడం, తెలుగు సాదా అక్షరంలో, కొన్నిసార్లు సాగదీసిన అక్షరంలో ఉండటం చూస్తే బాధ కలుగుతుంది. ఊరి మాట ఊరి బోర్డు మీద అతిథి ముందు తలవంచుకు నిలబడాల్సిన అవసరం లేదు.

దానికి దారి లాటిన్ అక్షరం లెక్కను తెచ్చి మన వంపుల మీద అతికించడం కాదు. బోదోనీ గొప్పవాడు. ఆయన నిలువు కాండం మీద బరువు పెట్టింది లాటిన్ అక్షరానికి నిలువు కాండం ఉంది కాబట్టి. మన అక్షరానికి ఉన్నది గిన్నెలాంటి అడుగు, తలకట్టు, వత్తు. బరువు అక్కడ పడాలి, సన్నదనం పక్కల వంపుల్లో రావాలి, వత్తు విడిగా గీయాలి, తెలుగు టిక్కు మాత్రం సన్నగా పైకి లేవాలి, కన్నడ అడ్డ తలకట్టు నిండుగా పడుకోవాలి. ఈ అయిదు పనులూ చేసి చూపించిన శైలి ఏదైనా రెండు లిపుల్లోనూ ఒకే కుటుంబంగా తయారైతే, దాన్ని మొదట పెట్టి చూడాల్సింది ఈ మూడు ఊళ్ళ బోర్డుల మీదే. రెండు లిపులనూ రోజూ పక్కపక్కన చదివే కళ్ళు అక్కడ ఉన్నాయి. ఆ కళ్ళు ఒప్పుకున్న అక్షరం ఎక్కడైనా నిలబడుతుంది.

(వచ్చే సంచికలో: చింతగింజల జిగురు, బొగ్గు పొడి పూసిన గుడ్డ మీద బలపంతో లెక్కలు రాసిన కడితాలు. కన్నడ, తెలుగు సీమల కరణాల అక్షరం.)